నల్లబడిన తెర: ఒక రోగనిర్ధారణ

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళి, దోహాలో మూసి ఉంచిన ఇంటికి తిరిగివచ్చి, కంప్యూటర్ మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ‘మానిటర్ పోయింది’ అన్న తీర్పు వెంటనే వెలువడుతుంది. నిజానికి నల్లని తెర జ్వరం వంటి లక్షణమే కాని, వ్యాధి పేరు కాదు. నిర్ధారణ తప్పితే బాగున్న మానిటర్ చెత్తకుండీకి చేరవచ్చు. లేదా ఎవరో కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయగా పదేళ్ళ కుటుంబ ఛాయాచిత్రాలు చెరిగిపోవచ్చు.

చీకటిలోనూ భేదాలున్నాయి. మీట దగ్గరి చిన్న దీపం కూడా వెలగకపోతే మొదట అనుమానించవలసింది విద్యుత్తును. ‘నో సిగ్నల్’ అన్న మాట క్షణకాలం కనిపించినా మానిటర్ బతికే ఉన్నట్టు. ఆ మాట రాస్తున్నది అదే. అప్పుడు లోపాన్ని కేబుల్‌లోనో కంప్యూటర్‌లోనో వెతకాలి. దీపం వెలుగుతున్నా తెరపై ఏమీ లేకపోతే, గది చీకటి చేసి, టార్చిని తెరమీదకు ఏటవాలుగా వేసి చూడాలి. మసకగా బొమ్మ కనిపిస్తే, లోపించింది వెనుకనుండే వెలుగు మాత్రమే. ఎల్‌సీడీలోని ద్రవస్ఫటికాలు స్వయంగా వెలగవు. వెనుకనుంచి వచ్చే కాంతిని అడ్డుకోవడమో, వదలడమో వాటి పని. కంటిని పరీక్షించే వైద్యుడి చేతిలోని టార్చి కన్నా ఇది తక్కువ పరీక్షేమీ కాదు.

ఖతార్ సరఫరా 240 వోల్టులు, 50 హెర్ట్‌జ్. భారతదేశం నుండి తెచ్చిన మానిటర్‌కు అది ఇబ్బంది కాదు. తేడా ప్లగ్గులో ఉంది. ఇక్కడ వాడే బ్రిటిష్ తరహా చదరపు పిన్నుల ప్లగ్గులో ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. అది మాడితే బయటికి ఏ ఆనవాలూ కనబడదు. గుండ్రని పిన్నులకు అడాప్టర్ తగిలించినప్పుడు పట్టు వదులైనా ఫలితం అదే. అందువల్ల ముందు సాకెట్‌నూ, తరువాత విద్యుత్ కేబుల్‌నూ మార్చి చూడాలి.

సంకేతం విషయంలో తరచుగా జరిగే పొరపాటు రెండు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్న కంప్యూటర్లలో కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్‌ను దానికే తగిలించాలి. మదర్‌బోర్డు రంధ్రంలో పెడితే తెర వెలగకపోవచ్చు. మానిటర్ మెనూలో ఎంచుకున్న ఇన్‌పుట్ కూడా కేబుల్‌కు సరిపోవాలి. ఇంకా సందేహముంటే మానిటర్‌ను లాప్‌టాప్‌కూ, కంప్యూటర్‌ను ఇంట్లోని టీవీకీ కలిపి చూడాలి. ఏది వెలిగిందో చూస్తే దోషి తేలిపోతుంది.

ఇక వేడి. విద్యుత్ భాగంలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సగమవుతుందన్నది ఇంజనీర్ల స్థూలమైన లెక్క. ఎండపడే కిటికీ పక్కన, గోడకు ఆనించి పెట్టిన మానిటర్ ఆ లెక్కకు త్వరగా లొంగుతుంది. పైభాగం ఉబ్బిన కెపాసిటర్‌ను మార్చడం నిపుణుడికి పెద్ద పని కాదు. ఇంట్లో మాత్రం మానిటర్‌ను విప్పకూడదు; ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మరమ్మతుకు తీసుకువెళ్ళేటప్పుడు ఇంకొక జాగ్రత్త. ఆగస్టులో ఏసీ గది నుండి బయట అడుగుపెట్టగానే కళ్ళద్దాలు మసకబారడం దోహావాసులకు తెలిసినదే. మానిటర్ లోపలా అదే తేమ పడుతుంది. అది పూర్తిగా ఆరేవరకు, కనీసం రెండు గంటలు, ప్లగ్గు పెట్టకూడదు.