పత్రిక పెట్టడానికి జంకు ఎందుకు?

మా మక్తబ్‌లో ఖుర్ఆన్ పూర్తి చేసి, ఇప్పుడు హైదరాబాదులో జర్నలిజం అభ్యసిస్తున్న విద్యార్థి ఒకడు మొన్న ఈద్ సెలవుల్లో ఇద్దరు సహాధ్యాయులతో మమ్మల్ని చూడవచ్చాడు. చదువు ముగిశాక సొంతంగా పత్రికో, ఛానలో ప్రారంభిస్తారా అని అడిగాము. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎక్కడైనా నెల జీతం దొరికితే చాలు హజ్రత్! సొంతమంటే అబ్బాజాన్ ఒప్పుకోరు" అన్నాడు మావాడు. రెండవవాడికి యూట్యూబ్ ఛానల్ పెట్టే ఆలోచన ఉన్నది. ఖర్చులెలా వెళ్ళదీస్తావంటే బదులు లేదు. మూడవ పిల్లవాడు మాత్రం, "మాకు వార్త రాయడం నేర్పారు, జమాఖర్చులు ఎవరూ నేర్పలేదు" అన్నాడు. ఆ మాట మాకు గుచ్చుకున్నది.

వారి భయం నిరాధారమైనది కాదు. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ 1912లో కలకత్తా నుండి 'అల్-హిలాల్' వారపత్రికను వెలువరించేనాటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. ఆంగ్ల ప్రభుత్వం ధరావతు కోరింది, దానిని జప్తు చేసింది, మరింత పెద్ద మొత్తం కట్టమన్నది. 1914లో పత్రిక ఆగిపోయింది. మరుసటి ఏడే ఆయన 'అల్-బలాగ్' ప్రారంభించారు.

కాశీనాథుని నాగేశ్వరరావు గారి మార్గం వేరు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించి, అది నిలదొక్కుకున్నాక 1908లో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుండి దినపత్రికను వెలువరించారు. తెలుగువారి పత్రికను తలనొప్పి మందు పోషించిందన్నమాట!

అప్పు తెచ్చి పెట్టమని మేము చెప్పము; వడ్డీ మనకు నిషిద్ధం. షరీఅత్‌లో ముదారబా అనే భాగస్వామ్య పద్ధతి ఉన్నది. ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమిస్తారు. లాభాన్ని ముందుగా కుదుర్చుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. ఇంత సొమ్ము ఖాయంగా ఇవ్వాలన్న షరతు చెల్లదు. నష్టం వస్తే, శ్రమించినవాని నిర్లక్ష్యం లేనంతవరకు, సొమ్ము పోయేది పెట్టుబడిదారునికే. రెండవవానికి శ్రమ వృథా అవుతుంది. ఇరవై ఏళ్ళ పిల్లవాడి నెత్తిన అప్పు మిగలదు. అయితే పెట్టుబడి పెట్టినవారిపై వార్త వస్తే ఏం చేయాలో కూడా ఆనాడే మాట్లాడుకోవాలి.

చెప్పుల దుకాణం పెడతానంటే సొమ్ము చేతిలో పెట్టే తండ్రులే, పత్రిక అనగానే చేయి వెనక్కి తీసుకుంటున్నారు. చందా కట్టకుండా పక్కింటి నుండి పత్రిక తెచ్చుకొని చదివే మనకూ ఇందులో వాటా లేదా?

వెళ్ళేముందు మూడవ పిల్లవాడు ముదారబా ఒప్పందం కాగితం మీద ఎలా రాసుకోవాలో అడిగి, నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. మావాడి తండ్రికి మేమే ఫోను చేశాము. ఆలోచించి చెబుతానన్నారు.