ఉపాధి రేటు, నాట్ల కూలి: కొన్ని విశేషాలు

నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారంటే నల్లగొండ జిల్లా త్రిపురారం మండలంలో నాట్ల కూలి ఎంత పలుకుతుందన్న మాట మొదలవుతుంది. ఆ కూలిని రైతూ, కూలీల ముఠా కూర్చుని తేల్చుకుంటారు. కానీ ప్రభుత్వం ఉపాధి హామీ లాంటి తన పనులకు ఎంత ఇస్తుందన్నది కూడా ఆ బేరంలో పనిచేస్తుంది.

● ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడతలో దేశమంతటా ఎంచుకున్న 200 జిల్లాల్లో ఉమ్మడి నల్లగొండ ఒకటి.

● ఈ పథకంలో ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు పెట్టలేదు. తరాల తరబడి పొలంలో తక్కువ కూలికే వంగి పనిచేసిన ఆడవాళ్లకు అదే పెద్ద సంగతి.

● గట్టి నేలలో, మెత్తటి నేలలో మనిషి గంటకు ఎంత మట్టి తీయగలడు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికారులు పనులు చేయించి, సమయం కొలిచి, ఉపాధి పనులకు ప్రత్యేకంగా రేట్ల పట్టిక తయారుచేశారు. కాంట్రాక్టర్ల లెక్కలతో కొలిస్తే కూలీకి పూర్తి కూలి పడదని గుర్తించి చేసిన మంచి పని ఇది.

● అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి వేలిముద్రల స్మార్ట్‌కార్డులది. కూలి డబ్బులు చేతికందే తీరును బాగుచేయడానికి ఉమ్మడి రాష్ట్రం వీటిని తెచ్చింది. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో దాని ఫలితాలు పరిశీలించారు. ఉమ్మడి నల్లగొండ కూడా ఆ అధ్యయనంలో ఉంది. కార్డులు ముందుగా వచ్చిన చోట పేద కుటుంబాల సంపాదన సుమారు 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి రాలేదు, బయటి పనుల నుంచే వచ్చింది! డబ్బు సరిగ్గా అందే పని ఊళ్లోనే ఉంటే, తక్కువ కూలికి ఒప్పుకోవాల్సిన అగత్యం తగ్గుతుంది. కూలి పెరిగితే పనులు తగ్గిపోతాయన్న భయమూ నిజం కాలేదు. బయటి పనిదినాలు పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న చోట మరింత పెరిగాయి.

● 2009లో కేంద్రం ఉపాధి కూలిని కనీస వేతనాల చట్టం నుంచి విడదీసింది. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపేసింది. 2025–26లో తెలంగాణలో ఉపాధి కూలి రేటు రోజుకు 307 రూపాయలు.

● కూలి పెరగకుండా చట్టం చేసిన ప్రభుత్వాలూ ఉన్నాయి. ప్లేగుతో జనం లక్షల్లో చనిపోయి పనివాళ్లు కరువైనప్పుడు, ఇంగ్లండు 1351లో పాత కూలికే పనిచేయాలని శాసించింది.

● ప్రభుత్వం తన పనికి ఇచ్చే జీతమే కాదు, తన ఉద్యోగులకు పెట్టే పదవీ విరమణ వయసూ బయటి వాళ్లను తాకుతుంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం వేతన సవరణ (పీఆర్సీ) కింద 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చి, విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. దాంతో వయసు నిండి ఖాళీ కావాల్సిన కుర్చీలు దాదాపు మూడేళ్లు ఖాళీ కాలేదు. కోచింగ్ సెంటర్లలో కూర్చున్న నిరుద్యోగులకు ఆ మూడేళ్లు చాలా బరువైనవి.

● ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం ఆమోదించింది. హామీ ఇచ్చే పనిదినాలు 100 నుంచి 125కు పెరిగాయి. అయితే విత్తనాల కాలంలో, కోతల కాలంలో కలిపి ఏడాదికి 60 రోజుల వరకు ఈ పనులు ఆపేందుకు అందులో వీలుంది. అదునులో మనుషులు దొరక్క రైతు పడే యాతన చిన్నది కాదు. కానీ కూలీ మాటకు విలువుండేదీ ఆ అదునులోనే. త్రిపురారం లాంటి రెండు పంటల మండలంలో వానాకాలం నాట్లకూ యాసంగి నాట్లకూ పని ఆపితే, ఆ రోజుల్లో కూలీకి మిగిలేది పొలం యజమాని చెప్పిన రేటో, వలస బస్సో.