సానరాయికీ సాన పట్టాలి

సూరత్ నుంచి ముంబై వైపు రైల్లో వెళ్తుంటే ఉధనా, భేస్తాన్ దాటాక సచిన్ వస్తుంది. ఒకప్పుడది సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. ఇప్పుడు మగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, వజ్రాల యూనిట్లు కిక్కిరిసిన పారిశ్రామిక వాడ. సూరత్ ప్రత్యేక ఆర్థిక మండలి కూడా ఇక్కడే ఉంది. వజ్రాలకు మెరుగు పెట్టేవాళ్ళు ‘ఘంటీ’ అనే పనిబల్ల చుట్టూ కూర్చుంటారు. దాని మధ్యలో పోత ఇనుప చక్రం గిర్రున తిరుగుతుంటుంది. చక్రానికి పట్టించేది నూనెలో కలిపిన వజ్రపు పొడి. వజ్రాన్ని అరగదీసేది వజ్రమే కాబట్టి ఇంకో దారి లేదు.

చూసేవాళ్ళ కళ్ళన్నీ రాయి మీదే ఉంటాయి. పనివాడి దృష్టి మాత్రం సగం చక్రం మీద ఉంటుంది. రాయిని అరగదీసే చక్రం తానూ అరుగుతుంది, దాని మీద చారలు పడతాయి. అప్పుడు దాన్ని మళ్ళీ చదును చేయకపోతే వజ్రం ముఖం నునుపు తేలదు.

ఈ తలనొప్పి మన దక్కను గనులంత పాతది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి ఐదు రోజులు ప్రయాణించి రావొల్కొండ గనులు చూశాడు. అక్కడి సానవాళ్ళ గురించి 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. రాయి పొర ఎటు ఉందో తెలిసేదాకా చక్రం మీద నీళ్ళు పోస్తారట. తెలిశాక నూనె, వజ్రపు పొడి వాడతారట. అయినా ఐరోపాలో వచ్చేంత మెరుపు రాదన్నాడు. దానికి ఆయన చెప్పిన కారణమే మనకు కావలసింది. ఇక్కడి చక్రం ఉక్కుది. రోజుకోసారి ఇరుసు నుంచి ఊడదీసి కురువిందపు పొడి మీద రుద్దాలి. మళ్ళీ బిగించినప్పుడు మునుపటంత సమంగా తిరగదు. వాళ్ళ దేశంలోని ఇనుప చక్రాన్నయితే ఊడదీయకుండానే ఆకురాయితో సరిచేయొచ్చు. అంటే లోపం పనివాడి చేతిలో లేదు, చక్రాన్ని చదును చేసే పద్ధతిలో ఉంది. వజ్రాలు కొనడానికి వచ్చిన మనిషి ఇంత లోతుకు చూడటం మెచ్చుకోవలసిందే.

మంగలికత్తి నూరే సానరాయి దగ్గర ఇదే చిక్కు ఇంకా నిక్కచ్చిగా కనిపిస్తుంది. కూరగాయల కత్తిని నూరేటప్పుడు ఎంత వాల్చాలో చెయ్యి నిర్ణయిస్తుంది. మంగలికత్తిని అలా వాల్చరు. దాని వీపూ అంచూ రెండూ రాతికి ఆనుతాయి, వీపు మందాన్ని బట్టి కోణం దానంతటదే కుదురుతుంది, సుమారు 16 డిగ్రీలు. అందుకే రాతి ఆకారం ఉన్నదున్నట్టు అంచులోకి దిగుతుంది. బాగా నూరిన అంచు మందం ఒక మైక్రాను కూడా ఉండదు. రాయి నడుమ పదో వంతు మిల్లీమీటరు గుంట పడిందంటే అది 100 మైక్రాన్లు, ఓ ముతక వెంట్రుకంత. అలాంటి రాతి మీద కత్తి రెండు కొసలే అరుగుతాయి, మధ్య భాగానికి రాయి తగలదు.

గుంట ఎందుకు పడుతుంది? 1927లో ప్రెస్టన్ అనే పరిశోధకుడు గాజు మెరుగు మీద పనిచేస్తూ ఒక సూత్రం చెప్పాడు: అరుగుదల ఒత్తిడిని బట్టి, రాపిడి జరిగిన దూరాన్ని బట్టి ఉంటుంది. రాయి మధ్య నుంచి కత్తి ప్రతిసారీ వెళ్తుంది, అంచుల దాకా ఎప్పుడో గాని పోదు. మెత్తటి జపాను నీటిరాళ్ళకు ఒకటి రెండు కత్తులు నూరేసరికే ఈ తేడా వస్తుంది. అమెరికాలోని అర్కాన్సా గట్టిరాయికి ఏళ్ళు పడుతుంది. గుంట ఒక్కటే కాదు, ఉక్కు రజను రాతి రంధ్రాల్లో ఇరుక్కుని పైభాగం నున్నబడి కోయడం మానేస్తుంది. తిరగలికి కక్కు కొట్టించినట్టు దీనికీ కొత్త గరుకు తెప్పించాలి.

సరే, ఇంకో రాయి తెచ్చి దీని మీద రుద్దితే చదునవుతుందా? చాలామంది చేసేది అదే, మోసపోయేదీ అక్కడే. రెండు రాళ్ళను ఒకదానిపై ఒకటి రుద్దితే అవి ఒకదానికొకటి అతుక్కున్నట్టు కుదురుతాయి గాని, చదునుగా ఉన్నాయన్న హామీ లేదు. పై రాయి ముందుకూ వెనక్కూ బయటికి వేలాడినప్పుడు దాని నడుమా కింది రాయి అంచులూ ఎక్కువ ఒత్తుకుంటాయి. పైది గుంటగా, కిందిది ఉబ్బుగా తయారవుతాయి. టెలిస్కోపు అద్దాన్ని చేత్తో అరగదీసే ఔత్సాహికులు ఈ ‘లోపం’తోనే గుంట అద్దం తెప్పిస్తారు.

విరుగుడు మూడో రాయి. ఒకటోది ఉబ్బుగా ఉంటే దానికి కుదిరిన రెండోది గుంటగా ఉండాలి. రెండోదానికి కుదిరిన మూడోది ఉబ్బు. ఇప్పుడు ఒకటోదాన్నీ మూడోదాన్నీ కలిపితే రెండు ఉబ్బులు కుదరవు, నడుమ మాత్రమే తాకి అక్కడే అరుగుతాయి. ఇలా జతలు మార్చుతూ, అడ్డంగా తిప్పుతూ పోతే మూడూ కుదిరే ఆకారం ఒక్కటే మిగులుతుంది: చదును. కొలబద్ద లేకుండా, శూన్యం నుంచి సమతలాన్ని పుట్టించే ఉపాయమిది. ఇంగ్లిషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఇనుప పలకలకు ఈ మూడింటి పద్ధతినే వివరించాడు. పొడి వేసి రుద్దడం ఆయనకు నచ్చలేదు, ఎత్తైన చోట గీకమన్నాడు. రాతిని గీకలేం కాబట్టి మనకు రుద్దడమే గతి.

ఇప్పుడంత శ్రమ అక్కర్లేదు. కరిగిన తగరం మీద తేలుతూ గట్టిపడే కిటికీ గాజు 1959 తర్వాత ప్రపంచమంతా వచ్చింది. ద్రవం ఉపరితలం సమంగా ఉంటుంది కాబట్టి గాజూ అలాగే వస్తుంది. మందపాటి గాజు పలకను గట్టి బల్ల మీద పరిచి, తడిపిన వాటర్ పేపరు అంటించి దాని మీద రాయిని రుద్దితే చాలు. లేదా సిలికాన్ కార్బైడ్ పొడి చల్లొచ్చు. ఆ పొడి మన రేణిగుంటలోనూ తయారవుతుంది. పొడి వాడితే గాజూ మెల్లగా అరుగుతుందని గుర్తుంచుకోండి. నికెల్ పూతలో కృత్రిమ వజ్రపు రేణువులు పొదిగిన పలకలూ దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, కానీ త్వరగా గుంటపడవు. రాతి మీద పెన్సిలుతో గళ్ళు గీసి రుద్దండి. గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడే పల్లం.

చదునయ్యాక నునుపు సంగతి. ముతక పొడి గీతలు మిగిలిన గట్టిరాయి ముతకగానే కోస్తుంది, దాని సహజ నాణ్యత బయటపడదు. కాబట్టి క్రమంగా సన్నని నంబరుకు వెళ్ళాలి. మారిన ప్రతిసారీ రాయినీ చేతులనూ ధారగా కడగాలి. మెత్తటి రాతిలో దిగబడ్డ ఒక్క ముతక రేణువు చాలు, కత్తి అంచు చెడటానికి. చివరగా రాతి నాలుగు అంచులూ కాస్త ఏటవాలుగా అరగదీయాలి, లేకుంటే పెచ్చులూడతాయి.

సగం బ్లేడు బిగించే కత్తులు వచ్చాక మంగలికత్తి నూరే చెయ్యి తక్కువైంది. ఎయిడ్స్ భయం తర్వాత అది మంచిదే కూడా. అయినా ఉలి, చిత్రిక, వంటింటి కత్తి ఉన్న ఇళ్ళలో సానరాయి పనికొస్తూనే ఉంటుంది. ఒక స్టీలు స్కేలును దాని మీద నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే, కత్తి మొద్దుబారిందని తిట్టుకునే ముందు రాయిని సరిచేయండి.