ఉత్తుత్తి కంప్యూటరు గుట్టు

సంతలో మా నాన్న కొన్న ఎద్దు అక్కడ బుద్ధిగా నడిచింది. ఇంటికొచ్చి కాడి కట్టగానే చతికిలబడింది. కొన్ని వైరస్‌లూ ఆ జాతివే. నిపుణులు వాటిని వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేరు కల్పించిన ఉత్తుత్తి కంప్యూటరులో, నడిపి పరీక్షిస్తారు. ఆ సంగతి పసిగట్టిందా, వైరస్ సాధువైపోతుంది!

పసిగట్టడం ఎలా? 2004లో యోవన్నా రుట్‌కోవ్‌స్కా ఒకే ఒక్క ప్రాసెసర్ ఆదేశంతో చేసి చూపించారు. ఇంటరప్టుల పట్టిక మెమరీలో ఎక్కడుందో ఎస్.ఐ.డి.టి. చెబుతుంది, అసలు యంత్రం పట్టిక ఉన్నచోటే ఉత్తుత్తిదాని పట్టిక కూడా ఉండలేదు కదా! ప్రాసెసర్లే వర్చువలైజేషన్‌కు తోడ్పడటం మొదలయ్యాక ఆ కిటుకు పాతబడింది.

ఇప్పుడు సి.పి.యు.ఐ.డి. ఆదేశమిచ్చి, ఇ.సి.ఎక్స్. రిజిస్టరులో 31వ బిట్ చూడాలి. నేనూ చూశాను: 1 వచ్చిందంటే కింద ఉత్తుత్తి యంత్రాన్ని ఆడించే హైపర్‌వైజర్ ఉన్నట్టే. నిపుణులు దాన్ని 0 చేసి దాచేస్తారు. అప్పుడు వైరస్ గడియారం చూస్తుంది. ఆ ఆదేశానికి జవాబు హైపర్‌వైజర్ చేతులమీదుగా రావాలి మరి. ఆలస్యమైందా, మళ్లీ సాధువే.