ఆటగాడు వెళ్ళిపోతే కడుపునొప్పి ఎందుకు?

న్యూజెర్సీలో కొడుకు దగ్గర వుంటున్న ఒక పెద్దాయన నాకు మూడు పేజీల ఉత్తరం రాశారు. 2025 మే నెలాఖరులో అందింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయులు. బాధ ఆయనది కాదు, పదమూడేళ్ళ మనవడిది. "కుర్రాడికి అన్నం సయించడం లేదు. పొద్దున బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి అంటాడు. రాత్రి ఒంటిగంట దాటినా నిద్రపోడు. ఇక్కడి డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి ఏ జబ్బూ లేదన్నారు. ఇదంతా ఒక బేస్‌బాల్ ఆటగాడు జట్టు మారినందుకు వచ్చిందంటే మీరు నమ్ముతారా? దీనికి మందేమైనా వుందా?" అని అడిగారు.

నమ్ముతాను. మీరు కూడా నవ్వకుండా చదవండి. ఆ ఆట మనది కాకపోయినా ఆ కడుపునొప్పి మన ఇళ్ళలోనూ వుండేదే. ఆయన అనుమతితో, ఊరూ పేరూ చెప్పకుండా, ఈ వారం ఆ విషయమే రాస్తున్నాను.

అసలేం జరిగింది?

న్యూయార్కు నగరంలో పెద్ద బేస్‌బాల్ జట్లు రెండు: యాంకీస్, మెట్స్. డొమినికన్ రిపబ్లిక్ దేశస్థుడైన హువాన్ సోటో అనే గొప్ప బ్యాటరు 2024లో యాంకీస్ తరఫున ఆడాడు. ఆ ఏడాది జట్టు వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోటీదాకా వెళ్ళి ఓడిపోయింది. డిసెంబరు రాగానే అతను మెట్స్‌తో 15 ఏళ్ళకు 76 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆటల ప్రపంచంలో అప్పటిదాకా అంత పెద్ద ఒప్పందం లేదు. యాంకీస్ కూడా 16 ఏళ్ళకు 76 కోట్లు ఇస్తామన్నారని పత్రికలు రాశాయి. "ఆ కాస్త తేడాకు మమ్మల్ని వదిలేస్తాడా, అదీ పక్క జట్టుకా!" అని అభిమానులకు ఒళ్ళు మండింది. 2025 మే 16న, శుక్రవారం రాత్రి, సోటో మెట్స్ చొక్కా తొడుక్కుని యాంకీస్ మైదానంలో అడుగుపెట్టగానే జనం "బూ" అంటూ హోరెత్తించారు. అతను హెల్మెట్ తీసి అభివాదం చేశాడు.

మన కుర్రాడు ఆ రాత్రి టీవీ ముందు గొంతు పోయేదాకా అరిచాడట. శని, ఆదివారాలు బాగానే వున్నాడట. సోమవారం పొద్దున మళ్ళీ కడుపునొప్పి. ఈ శని, ఆదివారాల సంగతి కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

వాడు మనకేమవుతాడు?

"ఎవడో పరాయివాడు ఎక్కడికో పోతే నీకేమిట్రా?" అని పెద్దవాళ్ళు కసురుతారు. కానీ లెక్క చూడండి. బేస్‌బాల్ జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు నెలాఖరుదాకా దాదాపు రోజూ ఆటే. ఆరునెలలపాటు రోజూ సాయంత్రం ఇంట్లో కనిపించే మనిషి ఎవరు? మేనమామ కూడా అన్నిసార్లు కనిపించడు. మనకు అతను బాగా తెలుసు, అతనికి మనం తెలియదు. ఈ ఒకవైపు స్నేహాన్ని గురించి అమెరికాలో ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు 1956లోనే రాశారు. ఇది పిచ్చి కాదు. మనుషుల మధ్య పెరిగిన మనసు చేసే మామూలు పనే.

ఇంకో సంగతి. 1976లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించారు. తమ కాలేజీ జట్టు గెలిస్తే "మేం గెలిచాం" అనడం, ఓడితే "వాళ్ళు ఓడారు" అనడం ఎక్కువగా కనిపించింది. అంటే జట్టు దగ్గర మనం కాస్త గౌరవం ఎరువు తెచ్చుకుంటాం. జట్టులో మేటి ఆటగాడు డబ్బు చూసుకుని వెళ్ళిపోతే, ఆ ఎరువు సొమ్ము ఎవరో లాక్కున్నట్టుంటుంది. "నాకంటే ఆ డబ్బే ఎక్కువైంది" అనిపిస్తుంది. పదమూడేళ్ళ వయస్సులో, అందులోనూ పరదేశంలో పెరిగే పిల్లవాడికి ఇది మరీ గట్టిగా తగులుతుంది. ఆ జట్టు టోపీ పెట్టుకుంటే బళ్ళో అతనూ పదిమందిలో ఒకడు. అతనికి అది టోపీ ఒక్కటే కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

కోపం వచ్చినా దుఃఖం వచ్చినా, కారణం చిన్నదా పెద్దదా అని శరీరం విచారించదు. మూత్రపిండాల మీద వుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిజాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తపు పోటు పెరుగుతుంది. కడుపు, పేగుల కదలికల్లో తేడా వస్తుంది. ఆకలి చెడుతుంది. నిద్ర పట్టదు. పెద్దవాళ్ళు "నాకు బాధగా వుంది" అని మాటల్లో చెప్పుకోగలరు. పిల్లలకు ఆ మాటలు రావు. వాళ్ళ తరఫున కడుపో తలో మాట్లాడుతుంది. ఆ నొప్పి దొంగవేషం కాదు, నిజమైన నొప్పే.

పెద్దవాళ్ళకైతే ఇంతకంటే ప్రమాదం వుంది. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో డాక్టర్లు లెక్కలు తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు వచ్చాయి. అదివరకే గుండెజబ్బు వున్నవాళ్ళకు ముప్పు మరీ ఎక్కువగా కనిపించింది. అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు గాని, రక్తపు పోటు, గుండెజబ్బు వున్నవాళ్ళు జాగ్రత్తగా వుండటానికి ఈ ఒక్క లెక్క చాలు.

కోపంలో న్యాయమెంత?

కోపానికి సగం మందు అవతలివాడి కథ తెలుసుకోవడం. "పాతకాలపు ఆటగాళ్ళకు విశ్వాసం వుండేది, ఒకే జట్టులో జీవితమంతా ఆడేవారు" అంటారు. అది విశ్వాసమో కాదో గాని, వాళ్ళకు స్వేచ్ఛ మాత్రం లేదు. ఆటగాడు జట్టు యజమానికి కట్టుబడి పడివుండాలి. యజమాని మాత్రం ఎప్పుడైనా అతన్ని ఇంకో జట్టుకు ఇచ్చేయవచ్చు. సెయింట్ లూయీ కార్డినల్స్‌కు 12 ఏళ్ళు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో ఫిలడెల్ఫియాకు అలాగే ఇచ్చేశారు. "నేను వెళ్ళను" అని అతను కోర్టుకెక్కాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అతని ఆట దాదాపు అక్కడితో సరి. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి వేరే ఇద్దరు ఆటగాళ్ళ తగవులో ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగింది.

సోటో సంగతే చూడండి. 2022లో వాషింగ్టన్ జట్టు అతన్ని శాన్ డియేగోకు ఇచ్చేసింది. 2023 డిసెంబరులో శాన్ డియేగో అతన్ని యాంకీస్‌కు ఇచ్చేసింది. ఆ తర్వాత తన ఇష్టప్రకారం జట్టును ఎంచుకునే అవకాశం అతనికి 2024 చివర్లో వచ్చింది. శాన్ డియేగో పిల్లలు ఏడ్చినప్పుడు న్యూయార్కు పిల్లలు పండగ చేసుకునేవుంటారు!

కోపం ఎంతకాలం వుంటుందని అడుగుతారా? 2000 డిసెంబరులో అలెక్స్ రోడ్రిగ్స్ సియాటిల్ జట్టును వదిలి 10 ఏళ్ళకు 25 కోట్ల 20 లక్షల డాలర్లకు టెక్సాస్‌కు వెళ్ళాడు. తర్వాతి ఏప్రిల్‌లో సియాటిల్ వచ్చినప్పుడు జనం అతని మీద ఉత్తుత్తి నోట్లు విసిరారు. అతను లేని ఆ 2001లోనే సియాటిల్ 116 మ్యాచ్‌లు గెలిచింది. అంతకుముందు అన్ని గెలిచింది 1906లో షికాగో కబ్స్ మాత్రమే. ఒకడు వెళ్ళిపోతే ఇల్లు కూలిపోదు.

అల్బర్ట్ పుహోల్స్ కథ ఇంకా చల్లగా వుంటుంది. సెయింట్ లూయీలో 11 సీజన్లు ఆడి, 2011లో జట్టుకు వరల్డ్ సిరీస్ గెలిపించి, నెలన్నర తిరక్కముందే సుమారు 24 కోట్ల డాలర్లకు కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. అభిమానులు భగ్గుమన్నారు. 2019 జూన్‌లో అతను ప్రత్యర్థిగా ఆ ఊరు వచ్చినప్పుడు అదే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2022లో అతను మళ్ళీ ఆ జట్టులోనే చేరి, 700 హోమ్ రన్లు దాటి, అక్కడే ఆట చాలించాడు. ఆ ఊరివాళ్ళ కోపాన్ని కాలమే నయం చేసింది.

ఉత్తరంలో చివరి వాక్యం

ఇక మన కుర్రాడి దగ్గరికి వద్దాం. పెద్దాయన మూడో పేజీ కింద, సంతకానికి పైన ఇలా రాశారు: "చెప్పడం మరిచాను, మా అబ్బాయికి డల్లాస్‌లో ఇంకా మంచి జీతం మీద ఉద్యోగం వచ్చింది. జూలైలో ఇల్లు మారుస్తున్నారు."

ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్న ప్రతి డాక్టరుకూ ఇది అనుభవమే. రోగి చీటీ తీసుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చెప్పే మాటలోనే చాలాసార్లు అసలు జబ్బు వుంటుంది.

కుర్రాడు సోటోను తిట్టగలడు. "ఎక్కువ డబ్బొస్తుందని మా బడినీ, నా స్నేహితుల్నీ వదిలించి ఎక్కడికి తీసుకుపోతున్నావు?" అని కన్నతండ్రిని అడగలేడు. అందుకే నొప్పి బడివేళకు వస్తుంది. బడిలేని రోజున రాదు. ఇది నా ఊహే సుమా, వేల మైళ్ళ దూరం నుంచి పరీక్ష చేయలేను. కానీ ఒకసారి అడిగి చూడమని ఆయనకు వెంటనే జవాబు రాశాను.

ఏం చేయాలి?

1. ఎగతాళి చేయకండి. "ఆటే కదా" అనకండి. "నీకు కష్టంగా వుంది, నాకు తెలుసు" అనండి. ఆ తర్వాత మీరు కాసేపు ఊరుకోండి. అతను మాట్లాడతాడు.

2. కోపంలో చొక్కా తగలబెడతానంటే పెట్టెలో పెట్టి దాచమనండి. పుహోల్స్ చొక్కాలు దాచుకున్నవాళ్ళకు 2022లో అవి పనికొచ్చాయి.

3. పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోను కట్టేయండి. ఆ ఆటగాణ్ణి తిట్టే మాటలు రాత్రిపూట చదివితే ఆరిన నిప్పు మళ్ళీ రాజుకుంటుంది.

4. చూసే ఆట తగ్గించి ఆడే ఆట పెంచండి. ఈ వయస్సు పిల్లలకు రోజుకు గంట సేపు ఒళ్ళు అలిసే ఆట అవసరం. ఆకలి, నిద్ర రెండూ చాలావరకు దానంతట అవే దారికి వస్తాయి.

5. ఇంట్లో మార్పు వుంటే పిల్లలకు ముందుగా, సూటిగా చెప్పండి. ఎందుకు వెళుతున్నామో, డబ్బు ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెప్పండి. పిల్లలకు నిజంకన్నా గుసగుసలే ఎక్కువ భయం.

6. రక్తపు పోటు, గుండెజబ్బు వున్న పెద్దలు మ్యాచ్ హడావిడిలో మాత్రలు మానకండి. ఆట చూస్తూ ఉప్పటి చిరుతిళ్ళు, సారా, సిగరెట్లు కూడదు. ఛాతీలో నొక్కినట్టు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం కనిపిస్తే ఆట ముగిసేదాకా ఆగకండి. మన దగ్గర 108, అమెరికాలో 911కు వెంటనే ఫోను చేయండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

ప్రతి కడుపునొప్పీ మనసుదేనని తీర్మానించడం పెద్ద పొరపాటు. నొప్పి నిద్రలోంచి లేపినా, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం వున్నా, కుడివైపు పొత్తికడుపులో నొప్పి పెరుగుతున్నా ముందు శరీరాన్ని పరీక్ష చేయించాలి. దిగులు, తిండి మానడం, బడి మానడం రెండు వారాలు దాటితే మానసిక వైద్యులకు చూపించాలి. అందులో సిగ్గేమీ లేదు. "బతకాలని లేదు" అన్న మాట పిల్లల నోట వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి, ఒంటరిగా వదలకండి.

పెద్దాయనకు ఇంకొక్క సలహా కూడా రాశాను. "మీ అబ్బాయి మంచి జీతానికి విమానమెక్కిన రోజున మీకెట్లా వుందో మనవడికి చెప్పండి. ఆ ఇంట్లో ఆ మాట చెప్పగలిగింది మీరొక్కరే" అని.

ఆగస్టులో డల్లాస్ నుంచి జవాబు వచ్చింది. తాత చెప్పాడట. మనవడు విన్నాడట. అంతా విని వాళ్ళ నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళి కాసేపటికి గాని రాలేదట. మర్నాడు తండ్రీ కొడుకులు కూర్చుని, పాత స్నేహితులతో వారానికోసారి మాట్లాడించాలనీ, సెలవుల్లో ఒకసారి న్యూజెర్సీ తీసుకెళ్ళాలనీ ఒప్పందం రాసుకున్నారట. కుర్రాడు ఇప్పుడు అన్నం తింటున్నాడు. కడుపునొప్పి తగ్గింది. సోటో మీద కోపం మాత్రం తగ్గలేదట.

పరవాలేదు. దానికి మందు అక్కర్లేదు.