అర డిగ్రీ విలువ

గోపన్‌పల్లి తండా చౌరస్తా నుంచి ఎటు తిరిగినా కొత్త అపార్ట్‌మెంట్లే. తాళాలు చేతికొచ్చిన ఫ్లాట్లలో ముందుగా దిగేది వడ్రంగులు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడే కొద్దీ పై అంతస్తుల నుంచి రంపాల మోత పొద్దుగూకేదాకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ మోత చేసే యంత్రాల్లో కాంపౌండ్ మైటర్ సా ఒకటి.

అలాంటి ఒక ఫ్లాట్లో టీవీ గోడకు బీడింగు చట్రం బిగిస్తుంటే చూశాను. మూడు మూలలు చక్కగా అతుక్కున్నాయి. నాలుగో మూలలో మాత్రం పెన్సిల్ మొన దూరేంత సందు మిగిలింది. మేస్త్రీ యంత్రం ప్లగ్గు పీకేసి, కోణాన్ని సున్నాకు తిప్పి, మూలమట్టం తెచ్చాడు. దాని ఒక అంచును ఫెన్సుకు, అంటే చెక్కను ఆనించే నిలువు ఆధారానికి, రెండో అంచును పళ్లకు తగలకుండా బ్లేడు రేకుకు చేర్చాడు. రెండింటి మధ్య వెంట్రుక మందాన వెలుగు కనిపించింది. తప్పు దొరికింది.

అంత సన్నని తేడా అంత సందుగా ఎలా మారింది? నాలుగు మూలలకు ఎనిమిది కోతలు. ఒక్కో కోత 45 డిగ్రీలకు బదులు 44.5 దగ్గర పడితే, మూడు మూలలు బిగించేసరికి తప్పంతా పోగై నాలుగో మూల మీద పడుతుంది. ఎనిమిది అరలు, 4 డిగ్రీలు. 6 సెంటీమీటర్ల వెడల్పున్న బీడింగులో అది దాదాపు 6 మిల్లీమీటర్ల సందు.

మూలమట్టం మీద కూడా నమ్మకం లేకపోతే చెక్కనే అడగవచ్చు. అంచులు తిన్నగా ఉన్న వెడల్పాటి ముక్కను సున్నా దగ్గర కోసి, ఒక సగాన్ని బోర్లా తిప్పి, రెండు సగాలనూ ఫెన్సుకు ఆనించి కలిపి చూడాలి. బ్లేడు ఎంత పక్కకు పోయిందో దానికి రెట్టింపు సందు కనిపిస్తుంది.

యంత్రం పేరులోని ‘కాంపౌండ్’ రెండు వాలులను ఒకే కోతలో కలపడాన్ని చెబుతుంది. బల్లను పక్కకు తిప్పితే మైటర్, బ్లేడును ఒరిగిస్తే బెవెల్. గోడకూ సీలింగుకూ మధ్య 45 డిగ్రీల వాలులో నిలిచే పట్టీని బల్ల మీద పడుకోబెట్టి కోయాలంటే మైటర్ 35.3, బెవెల్ 30 డిగ్రీలు పెట్టాలి. గది మూల 90 డిగ్రీలు కదా అని రెండూ 45 పెడితే పట్టీ పాడవుతుంది. పట్టీ వాలుగా నిలుస్తుంది కాబట్టి మూల కోణం ఆ రెంటి మధ్యా పంచుకుపోతుంది.

ఇక బ్లేడు సంగతి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 5,000 సార్లు తిరిగితే దాని పళ్లు గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. మన వైపున్న పళ్లు కిందికి దిగి, ఫెన్సు వైపు దూసుకెళ్తాయి. చెక్కకూ ఫెన్సుకూ మధ్య ఖాళీ ఉంటే చెక్కను విసురుగా అటు లాగేస్తాయి. చెక్కను పట్టుకున్న చెయ్యి కూడా దానితోపాటే పోతుంది. వంగిన చెక్క ఉబ్బెత్తు వైపును ఫెన్సుకు ఆనించమనేది ఇందుకే. కోత పడే చోట ఆధారం దొరుకుతుంది, బ్లేడు ఇరుక్కోదు.

చెయ్యి బ్లేడుకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పొట్టి ముక్కలను క్లాంపుతో బిగించాలి. ఒక చేతి మీదుగా రెండో చెయ్యి దాటించకూడదు. గ్లవ్స్, వదులు చేతుల చొక్కాలు బ్లేడుకు చిక్కుతాయి కాబట్టి వద్దు. యంత్రాన్ని నేలమీద పెట్టి, గొంతుక్కూర్చుని చెక్కను కాలితో అదిమిపట్టే అలవాటు ఎన్నో సైట్లలో ఉంది. పట్టు జారితే తప్పుకోవడానికి చోటుండదు. నడుమెత్తు బల్లకు యంత్రాన్ని బోల్టులతో బిగించుకోవాలి. అడ్డమొస్తోందని గార్డును తీగతో పైకి కట్టేయడం వేళ్లను పందెం కాయడమే. 1,650 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకుండా పెద్ద సాకెట్ వాడాలి.

కంటికి అద్దాలు, చెవికి రక్షణ, ముక్కుకు ఎన్‌95 మాస్కు తప్పనిసరి. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ కూడా అదే వర్గంలో ఉంది. ఎమ్‌డీఎఫ్‌ పలకల తయారీలో వాడే జిగురులో సాధారణంగా ఉండేది అదే.

ఈ నియమాలను పనికి అడ్డంకిగా చూసేవారికి ఒక్క మాట చెప్పాలి. చెక్క ఫెన్సుకు గట్టిగా ఆనితే కోత సూటిగా వస్తుంది, చెయ్యీ నిలుస్తుంది. బ్లేడు పూర్తిగా ఆగాకే పైకెత్తితే అంచు చెదరదు, తెగిన ముక్క ఎగిరి ముఖానికి తగలదు. పనిలో శుభ్రతా ఒంటికి రక్షణా ఒకే అలవాటు నుంచి వస్తాయి.

ఆ మేస్త్రీ ఫెన్సు బోల్టులు వదులుచేసి, వెలుగు గీత మాయమయ్యేదాకా సరిచేసి, బిగించాడు. కొత్త బీడింగు పెట్టి కోశాడు. స్విచ్చు వదిలాక బ్లేడు కిందే ఉంచి, మోత పూర్తిగా అణిగేదాకా అలాగే నిలబడ్డాడు. అప్పుడే ముక్క మీద చెయ్యి వేశాడు. ఈసారి నాలుగో మూల మూసుకుంది.