నా విమానం నేర్పిన అబద్ధం

"అన్నయ్యా, నీ విమానం నాకు అబద్ధం నేర్పింది!"

పోయిన వేసవిలో ఓ సాయంత్రం మా బాబాయి కూతురు ఫోన్‌ చేసి అన్న మొదటి మాట ఇది. తను పైలట్ శిక్షణలో ఉంది. నేర్చుకునేది సెస్నా 172 మీద. సెలవులకు వచ్చినప్పుడల్లా నా కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అదే విమానంతో ప్రాక్టీస్ చేసేది. దాన్ని అచ్చం అసలుదానిలా తీర్చిదిద్దానని ఇంటిల్లిపాదికీ గొప్పలు చెప్పుకునేవాణ్ని.

జరిగింది ఇదీ. ఇన్‌స్ట్రక్టర్ గాల్లో పవర్ పూర్తిగా తగ్గించి, "ఇంజిన్ ఆగిపోయింది. ఎక్కడ దిగుతావ్?" అన్నారట. ట్రైనీలందరికీ నేర్పే పాఠమే. మా చెల్లి దూరంగా ఉన్న ఓ బీడు భూమి చూపించింది. మా ఇంట్లో అయితే అంత దూరం హాయిగా వెళ్లేది మరి! సగం దారిలోనే ఎత్తంతా కరిగిపోయింది. కింద చెరకు తోటలు, ముందు కరెంటు తీగలు. ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ పవర్ ఇచ్చి విమానాన్ని పైకి లేపారు.

"నిజంగానే ఇంజిన్ ఆగి ఉంటే?" అని తను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండు తప్పులు కలిస్తే...

నేను వాడేది ఫ్లైట్‌గేర్. ఉచితం, కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. విమానం ఎలా ఎగరాలో లెక్కగట్టే పని జేఎస్‌బీసిమ్ అనే ప్రోగ్రామ్‌ది. బరువు, రెక్కల వైశాల్యం, ఇంజిన్ శక్తి, గాలి వెనక్కి లాగే బలం (డ్రాగ్)... అన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో అంకెలే. వాటిని కాపీ చేసుకుని నా ఇష్టానికి మార్చుకున్నా. తప్పు అక్కడే జరిగింది.

సెస్నా 172పీ మోడల్‌కి ఉండేది 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్. మాన్యువల్ ప్రకారం సముద్రమట్టం దగ్గర గరిష్ఠ వేగం 123 నాట్లు. నేను రాసుకున్న ప్రొపెల్లర్ పట్టికతో అది 110 కూడా దాటలేదు. పట్టికలో తప్పెక్కడుందో వెతకడానికి బద్ధకించి, డ్రాగ్ తగ్గించేశా. ముల్లు 123 చూపించింది. పండగ చేసుకున్నా.

ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా చేస్తే నేనే క్లాసు పీకుతా. బలహీనమైన ప్రొపెల్లర్, తక్కువ డ్రాగ్... రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేశాయి. ఇంజిన్ తిరిగినంతసేపూ బయటపడలేదు. ఇంజిన్ ఆగితే ముందుకు లాగే ప్రొపెల్లర్ ఉండదు, మిగిలేది ఆ తక్కువ డ్రాగే. అందుకే నా విమానం దూదిపింజలా తేలిపోయింది.

ఆ రాత్రే కొలిచా. సిమ్యులేటర్‌లో ఈదురుగాలి లేకుండా చేసి, ఇంజిన్ ఆపి, 65 నాట్ల వేగంతో దిగా. మాన్యువల్ ప్రకారం వెయ్యి అడుగులు దిగేలోపు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు వెళ్లాలి. నాది రెండు మైళ్లు వెళ్లింది. అంటే రెండు వేల అడుగుల ఎత్తు నుంచి ఒక మైలు అబద్ధం!

ప్రొపెల్లర్ పట్టిక సరిచేశా. డ్రాగ్ పెంచా. ఈసారి ఒక్క అంకె చూసి ఊరుకోలేదు. 123 నాట్ల వేగం, నిమిషానికి 700 అడుగుల చొప్పున పైకెక్కడం, ఇంజిన్ ఆగితే వెళ్లే దూరం... మూడూ 2,400 పౌండ్ల పూర్తి బరువుతో, ఒకే ఫైళ్లతో కుదరాలి. వారం పట్టింది.

మన ఎండల్లో...

తర్వాత బేగంపేట రన్‌వే మీద పెట్టి చూశా. అది సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేస్తే గాలి పలచబడి, విమానం 5 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తించాలి. అలాగే చేసింది. పరుగు పొడవైంది, పైకెక్కడం మందగించింది. ఆ నీరసం నేను విడిగా రాసింది కాదు. మూలంలో అంకెలు సరిగా ఉంటే అదే వస్తుంది.

ఆ ఉత్సాహంలో ఇంకో పొరపాటు చేశా. టేకాఫ్‌లో ఈ విమానం ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ తొక్కి నిలపాలి. ఆ లాగుడును రెట్టింపు చేశా. నడిపి చూసిన చెల్లి నవ్వేసింది. "ఇది విమానమా, మొండి ఎద్దా? అసలుది ఇంత గోల చేయదు" అంది. కష్టంగా ఉంటేనే నిజంలా ఉంటుందని అనుకున్నా. నిజానికి సెస్నా 172 సాధువు. 44 వేలకు పైగా తయారయ్యాయంటే అదీ ఒక కారణమే. లాగుడును మళ్లీ తగ్గించా.

గాల్లో కుర్చీలోంచి ఒంటికి తెలిసే కుదుపు, చేతికి తగిలే బరువు నా టేబుల్ మీద రావు. అందుకే ఇప్పుడు ఫైల్ మొదట్లోనే రాసిపెట్టా... ఏవి మాన్యువల్‌తో సరిపోల్చానో, ఏవి నా అంచనాలో. ఎవరికి ఇచ్చినా ముందు అది చదవమంటా.

మొన్న చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. అదే పాఠం మళ్లీ చేయించారట. ఈసారి దగ్గర్లో ఉన్న పొలమే ఎంచుకుందట. దిగగలిగేదని ఇన్‌స్ట్రక్టర్ కూడా ఒప్పుకున్నారట.

"నా సిమ్యులేటర్ పుణ్యమేనా?" అన్నా ఆశగా.

"కాదు అన్నయ్యా, కిటికీలోంచి చూసి" అంది.

కాస్త చిన్నబోయిన మాట నిజం. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.